రెండు దెబ్బలు

పోయినవారం మనం గదిలోంచి బయటికొచ్చేసరికి నిచ్చెన ఉంది, నిచ్చెన మీద మనిషి లేడు. మంచం గోడవారకు జరిగిపోయింది. కప్పు మీద సుద్దముక్కతో గీసిన నాలుగు గుర్తులున్నాయి. బోల్టులు బిగించడానికొచ్చిన పనివాడు కన్నంలో చెక్కముక్క దిగ్గొట్టి మర తిప్పితే చాలన్నాడు. మేస్త్రి చక్రాల కుర్చీలోంచి లేవకుండానే అతన్ని గుమ్మందాకా సాగనంపాడు. ఆ తర్వాత ఇంట్లో మిగిలిన ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "నేను బిగిస్తాను," అంది మేస్త్రి భార్య. అక్కడ ఆపాను.

ఈలోపు ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు, ఒక మేకు కొట్టడానికి ఇన్ని వారాలా అని. మేకు కాదండీ, బోల్టు. ఒకటి కాదు, నాలుగు. ఆ నాలుగు బోల్టులకూ ఒక ఇనుప పలక, పలక మధ్యలో కొక్కెం, కొక్కేనికి గొలుసు, గొలుసు చివర అడ్డంగా ఒక కడ్డీ. ఆ కడ్డీ పట్టుకుని డెబ్భై ఎనిమిది కిలోల మనిషి తన ఒంటిని తానే పైకి లాక్కుని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మారాలి. రోజుకు పదిసార్లు. ఊడితే కిందపడేది గడియారం కాదు. కాబట్టి నేను తొందరపడను, మీరూ పడకండి.

కొత్తగా చదివేవాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. ఈ మేస్త్రి ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, లిఫ్టులు బిగించే మేస్త్రి. ఎనిమిది నెలల కిందట లిఫ్టు షాఫ్టులో, అంటే లిఫ్టు తిరిగే ఆ నిలువు గొయ్యిలో పడ్డాడు. నడుం కింద నుంచి స్పర్శ పోయింది. పై అంతస్తు నుంచి గొలుసుతో బరువు దించినవాడు పరాయివాడు కాదు, సొంత బావమరిది. ఈ ఇల్లాలి తమ్ముడు. సైగ రాకుండానే దించాడని కంపెనీ తేల్చింది. సైగ వచ్చింది, నా చెవులతో విన్నాను అన్నాడతను. పద్దెనిమిదేళ్ళుగా పనిలో ఉన్న మేస్త్రి మాట ముందు ఆరేళ్ళుగా ఉన్న బావమరిది మాట నిలవలేదు. పని పోయింది. అక్క తలుపేసుకుంది. వేసిన తలుపు వెనక నిలబడి, నాకు తమ్ముడు లేడు అంది. చంకనెక్కించుకుని పెంచిన తమ్ముణ్ణి ఆ మాట అని, ఆ మాట మీదే ఎనిమిది నెలలుగా ఉంది.

ఇక గదిలోకి వెళదాం.

పైవాటాలో ఉండే టీచరుగారు పది నుంచి పన్నెండు దాకా మోత భరిస్తానని మాటిచ్చారు. పది కొట్టగానే మేస్త్రి భార్య చీర కుచ్చిళ్ళు ఎగదోపి నిచ్చెనెక్కింది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా ఆవగింజంత మరలు తిప్పే చెయ్యి. మూడున్నర కిలోల డ్రిల్లు పట్టుకోగానే ఆ చెయ్యి మణికట్టు దగ్గర వంగిపోయింది.

"దాన్ని చేత్తో మొయ్యకు, భుజానికి ఆనించుకో," అన్నాడు మేస్త్రి. "బిట్టు నిటారుగా ఉండాలి. ఏడు సెంటీమీటర్ల దగ్గర టేపు చుట్టాను. టేపు కప్పుని ముట్టుకోగానే ఆపెయ్యి. అత్యాశకు పోయి ఇంకా లోపలికి పొడిచావంటే టీచరుగారి కాళ్ళ కింద తేలతావు."

దుమ్ము కళ్ళల్లో పడకుండా అతను తువ్వాలు తల మీంచి మొహం దాకా కప్పుకుని కూర్చున్నాడు, క్షవరానికి కూర్చున్నవాడిలాగా.

"ముసుగేసుకుంటే మీకేం కనబడుతుంది?" అందామె.

"నాకు చూడ్డంతో పనిలేదు. చెవులు చాలు."

అత్తగారు గుమ్మం పక్కన ముక్కాలిపీట వేసుకుని, నల్ల గొడుగు విప్పి నెత్తిన పట్టుకుంది. "అర్ధరాత్రి గొడుగు పట్టమన్నవాడి సంగతి విన్నాను గానీ, పడగ్గదిలో గొడుగు పట్టిందాన్ని మాత్రం నేనే అయ్యుంటాను," అంది. డ్రిల్లు మొదలవగానే గొంతు పెంచి, "ఇంటికి కన్నం వేసే కోడల్ని కూడా ఇప్పుడే చూస్తున్నాను," అని కలిపింది.

మొదటి కన్నం సాఫీగానే పడింది. రెండోదానికి రెండు సెంటీమీటర్లు పోయాక మోత మారి సన్నగా కీచుమంది. "ఆపు. చువ్వ తగిలింది," అన్నాడు తువ్వాలు కింద నుంచి. శ్లాబులో ఉన్న ఇనుప చువ్వని కొయ్యకూడదు, దాన్ని తప్పించుకోవాలి. మొదటి కన్నం చుట్టూ పలకని జానెడు తిప్పించి, కొత్త గుర్తులు పెట్టించాడు. మిగతా మూడూ ఆ గుర్తుల మీద వేసింది. చెవులు చాలన్నది ఉత్త గొప్ప కాదని ఆమె ఒప్పుకోవాల్సి వచ్చింది.

తర్వాత శుభ్రం చెయ్యడం. రబ్బరు బుడ్డతో గాలి ఊదాలి, సన్నటి బ్రష్షుతో తోమాలి, మళ్ళీ ఊదాలి. ఒక్కో కన్నానికి రెండేసి సార్లు. లోపల దుమ్ముంటే బోల్టు దుమ్మునే పట్టుకుంటుంది తప్ప కాంక్రీటుని పట్టుకోదు. ఈ బోల్టు లోపలికి దిగ్గొట్టాక, నట్టు బిగించేకొద్దీ తోక దగ్గర విచ్చుకుని నాలుగువైపులా కాంక్రీటుని వత్తి పట్టుకుంటుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. మనుషుల్లో కూడా ఈ రకం వాళ్ళున్నారు గానీ ఆ గొడవ ఇప్పుడొద్దు.

"పిల్లలకి కూడా ఇంత శుభ్రంగా పళ్ళు తోమి ఉండరు," అంది అత్తగారు.

పలకని కప్పుకి ఆనించి, మొదటి బోల్టు కన్నంలో పెట్టి, ఆమె సుత్తి తీసుకుంది. టిక్, టిక్, టిక్. కళ్ళజోడు చెయ్యి కదా. తువ్వాలు కింద మేస్త్రి లెక్కపెట్టాడు. మొదటి బోల్టుకి ముప్ఫై ఒకటి. రెండోదానికి ఇరవై ఆరు. మూడోదానికి మళ్ళీ ముప్ఫై.

"వడ్రంగిపిట్టకి పెళ్ళి చేసినా ఇంత చప్పుడు కాదు," అన్నాడు. ఇంట్లో అతను జోకు వేసి చాలాకాలమైంది. ఆమె నిచ్చెన మీద నిలబడి నవ్వింది, ఆ నవ్వుకి పలక కొంచెం కదిలింది.

నాలుగోది మిగిలింది. గోడ గడియారంలో పన్నెండుకి పావుగంట తక్కువ. ఆమె భుజాలు లాగేస్తున్నాయి. నడుంలో ఆర్నెల్లుగా కాపురం పెట్టిన నొప్పి కాళ్ళలోకి దిగుతోంది. ఆ నొప్పి ఇతన్ని ఎత్తి దించడం వల్ల వచ్చిందే. ఇంక ఒక్కసారి ఎత్తినా నువ్వూ అతని పక్కనే పడుకుంటావని డాక్టరు చెప్పాకే ఈ కడ్డీ ఆలోచన పుట్టింది.

"అది ముక్కు మీద నిలిచే జోడు కాదే," అన్నాడు మేస్త్రి. "భుజం నుంచి కొట్టు. నాలుగు దెబ్బల్లో దిగిపోతుంది."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని కొట్టింది. ఠక్. మళ్ళీ కొట్టింది. ఠక్. ఆ దెబ్బకి పై నుంచి ఇసక రాలి కంట్లో పడింది. ఆమె ఆగిపోయి, మోచేత్తో కన్ను తుడుచుకుంది.

"దించుతున్నా..."

ఆ కేక తువ్వాలు కింద నుంచి వచ్చింది. ఇంట్లో మాట్లాడే గొంతు కాదది. నాలుగంతస్తుల కింద ఉన్నవాడికి వినబడాలని సాగదీసి పిలిచే గొంతు. పిలవడమే కాదు, మేస్త్రి చేతులు రెండూ కుర్చీ చక్రాల మీంచి లేచి, ఒకదాని కింద ఒకటి, లేని గొలుసుని రెండు మూరలు వదిలాయి. మూడో మూర దగ్గర గాల్లోనే నిలిచిపోయాయి.

"ఏంట్రా దించేది?" అంది అత్తగారు.

అతని చేతులు అలాగే ఉన్నాయి. కాసేపటికి ఒక చెయ్యి వెళ్ళి తువ్వాలు లాగేసింది. లోపలి మొహం చూసి కోడలు నిచ్చెన గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు ఎన్ని దెబ్బలు కొట్టావు?"

"రెండు."

"రెండు కొట్టి ఎందుకు ఆగావు?"

"కంట్లో ఇసక పడింది. ఏమైంది మీకు?"

"కిందికి దిగు."

"ఇది సగం బయటే ఉందండీ."

"ఉండనీ. మిగతావి పలకని ఆపుతాయి. దిగు."

ఆమె దిగింది. దిగి, నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుంది. చేతిలో సుత్తి అలాగే ఉంది. మేస్త్రి ఆ సుత్తిని చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు. పనిలోకి కొత్తగా వచ్చినవాడికి పని చెప్పినట్టు, ఒక్కొక్క మెట్టే చెప్పాడు.

షాఫ్టులో కిందవాడికి పైవాడు కనబడడు. మాట వినబడదు, పక్కన ఇంకేదో మిషను మోగుతూ ఉంటుంది. అందుకని ఇనుము మీద సుత్తి దెబ్బే భాష. ఒక దెబ్బ అంటే ఆగు. రెండంటే దించు. మూడంటే పైకి లాగు. రెండు విన్నవాడు 'దించుతున్నా' అని కేకేసి దించాలి. ఈ లెక్క కంపెనీది కాదు. పనిలో చేరిన కొత్తల్లో మేస్త్రి తనే పెట్టాడు, తర్వాత తనే నేర్పాడు. మేస్త్రి కాకముందు పన్నెండేళ్ళు తనే పైన నిలబడి ఈ దెబ్బలు వింటూ గొలుసు వదిలాడు.

"ఆ రోజు నేను గోడకి బ్రాకెట్టు పెడుతున్నాను. నాలుగు బోల్టులు. మూడు లోపలికి కొట్టాను, నట్లు ఇంకా బిగించలేదు. నాలుగోది కొడుతున్నాను." అతను ఆగాడు. "రెండు కొట్టి ఆగాను. ఎందుకాగానో ఇప్పుడు చెప్పలేను. నీకులాగే కంట్లో ఏదైనా పడిందో, చెయ్యి మార్చుకున్నానో. ఆగాను. పైన వాడికి రెండు దెబ్బలు వినపడ్డాయి, ఆ తర్వాత నిశ్శబ్దం. రెండంటే దించు. వాడు కేకేసే ఉంటాడు. పక్క షాఫ్టులో డ్రిల్లు ఆడుతోంది, నాకు వినబడలేదు. గొలుసుకి వేలాడుతున్న రైలు పట్టా, లిఫ్టు జారేది, దిగి బ్రాకెట్టు మీద కూర్చుంది. బిగించని బోల్టులు ఎంతసేపు ఆగుతాయి? బ్రాకెట్టు ఊడి నన్నూ గొయ్యిలోకి ఈడ్చుకుపోయింది."

గదిలో దుమ్ము ఇంకా పూర్తిగా అణగలేదు. అత్తగారు గొడుగు ముడిచింది.

"బోల్టు కొట్టడానికీ సుత్తేనా, సైగ చెయ్యడానికీ సుత్తేనా?" అంది. "పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నమాట. పద్దెనిమిదేళ్ళు అలాగే నెట్టుకొచ్చారా?"

"ఎప్పుడూ పొరపాటు జరగలేదమ్మా. బోల్టుకి నాలుగైదు దెబ్బలు వరసగా పడతాయి. రెండు కొట్టి ఎవడూ ఆగడు."

"మీరు ఆగారు," అంది భార్య.

"ఆగాను."

"అంటే వాడు విన్నాడు."

"విన్నాడు."

"మీరు కొట్టలేదన్నారు."

"సైగ ఇవ్వలేదన్నాను. ఇవ్వలేదు కూడా. నేను కొట్టింది బోల్టుని. వాడికి వినబడింది సైగ."

"మరి అబద్ధం చెప్పిందెవరు?"

"ఎవరూ చెప్పలేదు."

ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అది అన్నిటికంటే చెడ్డది. ఎవరో ఒకరు అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని ఆమెకు నిజంగానే అనిపించింది. తమ్ముడు చెప్పాడనుకుని ఎనిమిది నెలలు బతికింది. ఆ కోపాన్ని ఊతకర్రలా పట్టుకునే పొద్దున్నే లేచేది, ఇతనికి స్నానం చేయించేది, దుకాణానికి పరిగెత్తేది. ఇప్పుడా కర్ర ఎవరో లాగేశారు.

"రెండుసార్లు వచ్చాడు వాడు," అంది నేల చూస్తూ. "రెండోసారి వానలో వచ్చాడు. తలుపు కొట్టి, అక్కా ఒక్కమాట విను అన్నాడు. నేను లోపల గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు పూర్తిగా దిగిపోయేదాకా వదల్లేదు."

ఆమె తలెత్తి అతన్ని చూసింది.

"ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా నీకు అనుమానం రాలేదా?"

పెళ్ళయి పదహారేళ్ళయింది. ఆమె అతన్ని 'నువ్వు' అనడం ఇదే మొదలు. అన్నట్టు ఆమెకు తెలియలేదు. అతనికి తెలిసింది. అత్తగారికీ తెలిసింది. ఇంకో రోజైతే ఆ పెద్దావిడ ఊరుకునేది కాదు. ఇవాళ గొడుగు పిడి వైపు చూస్తూ ఊరుకుంది.

"వచ్చింది," అన్నాడు మేస్త్రి.

రాలేదని చెప్పొచ్చు. చెబితే ఆమె నమ్మేది కూడా. అతని మీద నాకున్న కాస్త గౌరవం ఆ ఒక్క మాటకే. అదైనా ఎనిమిది నెలలు ఆలస్యంగా వచ్చిన మాట కాబట్టి గౌరవం కాస్తే.

"ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకసారి. చేతిలో సుత్తి ఉన్నట్టు, కొడుతూ కొడుతూ ఆపినట్టు గుర్తొచ్చింది. ఎన్ని కొట్టాక ఆపానో గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలని కూర్చుంటే వచ్చేదేమో. నేను కూర్చోలేదు."

"ఎందుకని?"

"భయమేసింది. ఇప్పటికీ సైటు నుంచి ఫోన్లు చేసి అడుగుతారు, మేస్త్రీ ఇది ఎలా బిగించాలి, అది ఎక్కడ పెట్టాలి అని. ఆ ఫోన్లు రాకపోతే నేను పొద్దున్నుంచి ఈ కప్పే చూస్తూ పడుకోవాలి. మేస్త్రి చేసిన తప్పుకే మేస్త్రి పడ్డాడంటే ఎవరు అడుగుతారు?"

"అందుకని నా తమ్ముణ్ణి పడనిచ్చావు."

అతను తల ఊపాడు.

ఇక్కడ మీలో కొందరు ఆమె సుత్తి విసిరేస్తుందనుకుంటారు. విసరలేదు. నిచ్చెన మెట్టు మీద జాగ్రత్తగా పెట్టింది. కళ్ళజోళ్ళ దుకాణంలో ఏ వస్తువూ విసిరే అలవాటుండదు.

"తిలాపాపం తలా పిడికెడు," అంది అత్తగారు. "వాడొక్కణ్ణే అనకు అమ్మాయ్. నీ తమ్ముడు అబద్ధం చెప్పే రకం కాదని నాకు ఆనాడే తెలుసు. పన్నెండేళ్ళప్పుడు నీ వెనకాలే ఈ ఇంటికొచ్చాడు. కాఫీ పొడి డబ్బా పగలగొట్టి, నేను అడక్కముందే వచ్చి చెప్పాడు. అలాంటివాడు ఇంత పెద్ద విషయంలో బొంకుతాడా? కానీ నా కొడుకు మంచంలో ఉన్నాడు. మంచంలో ఉన్నవాడి మాట కాదనడానికి నోరు రాలేదు. నేనూ నోరు కుట్టేసుకున్నాను."

"మీరైనా నాతో ఒక్కమాట అనాల్సింది అత్తయ్యా."

"అనాల్సింది," అంది పెద్దావిడ.

మేస్త్రి కుర్చీని తిప్పుకుని కిటికీ గట్టు మీదున్న ఫోను అందుకున్నాడు. "వాడికి ఫోన్ చెయ్యాలి. నీ ఫోన్‌లోంచి చేస్తావా?"

"నేను వాడి నెంబరు తీసేశాను. ఉన్నా చెయ్యను. ఆ రోజు అన్నది నువ్వు, ఇవాళ చెప్పాల్సింది కూడా నువ్వే. ఇక్కడే చెప్పు. నేను వింటాను."

అతని ఫోన్‌లో బావమరిది నెంబరు 'పైవాడు' అన్న పేరు మీద ఉంది. ఎప్పుడూ షాఫ్టు పైన నిలబడేవాడు కాబట్టి అలా రాసుకున్నాడు. మంచిరోజుల్లో ఈ ఫోను మోగితే అత్తగారు వంటింట్లోంచి, "ఒరేయ్, పైవాడు పిలుస్తున్నాడు, ఇప్పుడే వెళ్ళకురా," అని కేకేసేది. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. ఇవాళ ఆ పేరు వెతుక్కోవడానికి అతనికి చాలాసేపు పట్టింది, ఎనిమిది నెలల పేర్ల అడుక్కి పోయింది మరి.

చక్రాలు తిప్పుకోవడానికి చేతులు ఖాళీగా ఉండాలని, ఈ మధ్య అతను ఫోను ఒళ్ళో పెట్టుకుని స్పీకర్‌లోనే మాట్లాడుతున్నాడు. ఇప్పుడూ అలాగే పెట్టుకున్నాడు. నాలుగు రింగులయ్యాయి.

"బావా," అంది ఫోను. హలో లేదు. వెనకాల ఎక్కడో చెక్క కోస్తున్న మోత. "ఒక్క నిమిషం బావా, బయటికొస్తాను." మోత తగ్గింది. "చెప్పు. ఒంట్లో ఎలా ఉంది?"

"బానే ఉంది." మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చి, ఇంకో మాటగా మారిపోయింది. "కప్పుకి కడ్డీ బిగిస్తున్నాం. పట్టుకుని లేవడానికి."

"మంచిపని. ఎవరు బిగిస్తున్నారు?"

"మీ అక్క."

అవతల నుంచి చిన్న నవ్వు వినబడింది. "అక్కే? నిచ్చెన ఎక్కిందా? స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయనేదిగా. బోల్టులెన్ని?"

"నాలుగు. పన్నెండు మిల్లీ."

"శ్లాబుకే కదా, పూతకి కాదుగా?"

"శ్లాబుకే. ఏడు సెంటీమీటర్లు లోపలికి."

"కన్నాలు ఊదిందా?"

"రెండేసి సార్లు."

"వెంటనే వేలాడకు బావా. నీ బరువుకి రెండింతలు నీళ్ళ డబ్బాలు కట్టి ఒక పూట వదిలెయ్యండి. డబ్బాలు అక్కని ఎత్తనివ్వకు. పక్కింటివాళ్ళని ఎవరినైనా పిలు."

ఆమె నిచ్చెన మెట్టు మీద కూర్చుని వింటోంది. ఎనిమిది నెలలుగా వినని గొంతు ఆమె నడుం సంగతి అడగకుండానే తెలుసుకుని మాట్లాడుతోంది. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒరేయ్," అన్నాడు మేస్త్రి. "ఆ రోజు నేను కొట్టానురా. రెండు. సైగ కాదు, బోల్టు మీద కొట్టి ఆగాను. నువ్వు విన్నది నిజం. ఇవాళే తేలింది నాకు. కంపెనీకి కూడా రాసిస్తాను."

అవతల చప్పుడు లేదు. ఫోను కట్టయిందేమోనని మేస్త్రి వంగి చూశాడు. కట్ కాలేదు.

"తెలుసు బావా," అన్నాడు బావమరిది.

"ఏం తెలుసు?"

"రెండు కొట్టి ఆగావని. మూడు నెలలైంది తెలిసి. ఇక్కడ అలమారలు గోడకి బిగిస్తాం కదా. ఒకరోజు పక్కగదిలో ఎవడో బోల్టు కొడుతూ రెండు దెబ్బలకి ఆగాడు. నాకు నోట్లోంచి 'దించుతున్నా' అని వచ్చేసింది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ పూట అన్నం తినలేకపోయాను."

"మూడు నెలలా? మరి ఒక్క ఫోనైనా చెయ్యలేదేంరా?"

"చేసి ఏం చెప్పను? తప్పు నీదే బావా అని చెప్పనా, మంచంలో ఉన్నవాడికి? నాకు కాళ్ళూ చేతులూ ఉన్నాయి, అలమారలో తలుపులో ఏదో ఒకటి బిగించుకుంటాను. నాకు పని నేర్పినవాడివి నువ్వు. నువ్వు నేర్పిన లెక్కలోనే తేడా ఉందని నీకు ఎలా చెప్పను?"

మేస్త్రి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అరచేతుల సందుల్లోంచే మాట్లాడాడు. "తప్పు చేశానురా నీకు."

"ఊరుకో బావా. కంపెనీకి రాస్తే రాయి, అది నీ ఇష్టం. కానీ ఒక్క సాయం చెయ్యి నాకు." గొంతు కొంచెం తగ్గింది. "అక్కకి మాత్రం చెప్పకు."

"ఎందుకు?"

"పొద్దున్న లేచింది మొదలు నిన్ను ఎత్తేది, దించేది అక్కే కదా. నా మీద కోపం ఉన్నా నష్టం లేదు, నేను దూరంగా ఉన్నాను. అదే కోపం నీ మీదికి తిరిగితే? మనసులో అంత కోపం పెట్టుకుని నిన్ను రోజుకి పదిసార్లు ఎలా ఎత్తుతుంది? వద్దు బావా. అది నా మీదే ఉండనీ. నాకు అలవాటైపోయింది."

ఆ మాట గదిలో ముగ్గురూ విన్నారు. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగని చప్పుడొకటి ఫోనుదాకా వెళ్ళింది.

"బావా," అన్నాడు బావమరిది. "అక్కడ ఏడుస్తున్నదెవరు?"